గేటు టైము

"మీరు రాసింది తప్పని నేననట్లేదమ్మా. దిద్దమంటున్నా, అంతే."

"తప్పు కానిదాన్ని దిద్దితే ఏమంటారు సార్?"

తలుపు బయట అంబులెన్సు డ్రైవరు ఆగిపోయాడు. లోపల గొడవపడుతున్నది అతని అక్క. ఎదురుగా సూపరింటెండెంటు. లోపలికి వెళ్దామన్నా దారి లేదు. మెట్ల కింద ఒకప్పుడు దుప్పట్లు కుక్కిన గది అది. కిటికీ లేదు. అక్క కుర్చీలోంచి లేస్తే తప్ప తలుపు తెరుచుకోదు.

ఆసుపత్రిలో అందరికీ ఆమె లెక్కలక్క. మొదట చీటీల కౌంటర్లో ఉండేది. ప్రమాదాల్లో దెబ్బలు తిన్నవాళ్ల వివరాలన్నీ దేశమంతటి నుంచీ ఒకేచోట చేర్చే రిజిస్ట్రీ వచ్చినప్పుడు, డాక్టర్లు ఒకరి మీదికొకరు తోసుకుని చివరికి ఈమె నెత్తిన పెట్టారు. ఎవరికి ఏ దెబ్బ, ఎప్పుడొచ్చారు, ఎంతసేపటికి ఆపరేషను, బతికారా లేదా, అన్నీ కంప్యూటర్లో ఎక్కించాలి. కాంట్రాక్టు ఉద్యోగం.

"నువ్వు బ్రహ్మదేవుడికి అసిస్టెంటువక్కా. ఆయన ముందు రాస్తాడు, నువ్వు తర్వాత రాస్తావు" అని తమ్ముడు ఏడిపిస్తే, "ఆయన్ని దిద్దమని ఎవరూ అడగర్రా" అనేది.

ఇక్కడొక పద్ధతుంది. దెబ్బలు తగిలినవాణ్ణి తెచ్చాక లోపల మంచం ఖాళీ అయ్యేదాకా అంబులెన్సులోనే ఉంచుతారు. మంచం దొరికాకే చీటీ. చీటీ మీద పడ్డదే వచ్చిన టైము. గేటు దగ్గర మూలిగినంతసేపూ ఏ లెక్కలోకీ రాదు. అందుకే రిజిస్ట్రీ నివేదికలో ఏటా ఈ ఆసుపత్రే ముందుంటుంది, వచ్చీ రాగానే వైద్యం చేస్తారని. ఆ మెచ్చుకోలు కాగితానికి ఫ్రేము కట్టించి, సరిగ్గా అంబులెన్సులు ఆగేచోటే తగిలించారు. అదనంగా మంచాలు అడిగితే మాత్రం పైనుంచి ఒకటే జవాబు: బాగా నడుస్తున్నచోట మంచాలెందుకు?

ఈమధ్య పరంజా మీంచి పడ్డ ఓ తాపీమేస్త్రీ ఆ ఫ్రేము ముందే, బండిలోనే పోయాడు. చీటీ పడలేదు కాబట్టి అతను అసలీ ఆసుపత్రికి రానట్టే. తెచ్చింది తమ్ముడు. ఇంటికెళ్లి కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"మంచం ఖాళీ అయిందా అన్నాడక్కా. అదే ఆఖరి మాట."

ఆమె మర్నాటి నుంచి డ్రైవర్లను అడిగి గేటు టైము ఎక్కించడం మొదలెట్టింది. మేస్త్రీనీ ఎక్కించింది.

"సరే, గేటు టైమే పంపుదాం" లోపల సూపరింటెండెంటు గొంతు మెత్తబడింది. "పేషెంటుని అంతసేపు బండిలో ఎందుకుంచారని అడుగుతారు. ఉంచిందెవరు? డ్రైవరు. ఆ మేస్త్రీని తెచ్చిన బండి ఎవరిదో నాకంటే మీకే బాగా తెలుసు."

లోపల బల్ల మీద ఫైలు పెట్టిన చప్పుడైంది.

"సాయంత్రం లోపు పంపాలి. ఆలోచించుకోండి."

కుర్చీ జరిగింది. సూపరింటెండెంటు పక్కకి తిరిగి ఇరుక్కుంటూ బయటికొచ్చాడు. డ్రైవర్ని చూసి భుజం తట్టాడు. "నీ గురించే అనుకుంటున్నాం బాబూ."

తమ్ముడు లోపలికెళ్లాడు. అక్క తలుపు మూసి, దానికడ్డంగా మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"దిద్దేయక్కా. నా ఉద్యోగం పోతే మేస్త్రీ తిరిగొస్తాడా?"

"రాడు. దిద్దితే అసలిక్కడికి రానేలేదంటారు. దిద్దకపోతే నువ్వు చంపావంటారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం."

"మరింకేం? నోర్మూసుకుని దిద్దు."

ఆమె కళ్లు తెర మీదే ఉన్నాయి. ఆ వరసలో మేస్త్రీ పేరు పక్కన గేటు టైముంది. చీటీ టైము గడి ఖాళీ.

"నేను ఎక్కించింది నా మాట ఒక్కటే, ఒక్క నొక్కుతో చెరిపేస్తారు" అంది. "గేటు దగ్గరికి నువ్వెప్పుడొచ్చావో, మంచం లేదు, బండిలోనే ఉంచమని నీతో ఎవరన్నారో, పేరుతో సహా నీ చేత్తో రాసి సంతకం పెట్టు. దాన్ని కూడా జతచేసి పంపుతా. నీ వల్ల కాదంటే చెప్పు, దిద్దేస్తాను, నిన్ను పల్లెత్తు మాటనను. రాసిస్తావా?"