తెలేసియా కాలేజీ, మాటల పెద్ద ప్రశ్నలు

సిపాయిని చేసుకున్న ఆడదానికి ఇల్లంటూ ఉండదు, అట్టపెట్టెలే ఉంటాయి. సగం జీవితం ఆ పెట్టెలకు టేపు అంటించినదాన్ని కాబట్టి అంటున్నాను. మా ముసలాయన పటాలం నుంచి రిటైరయ్యాక ఇక మళ్ళీ పెట్టె ముట్టుకునేది లేదని ఒట్టు పెట్టుకుని ఈ వహియావాలో ఉండిపోయాను. సమోవాలో పుట్టాం, హవాయిలో స్థిరపడ్డాం. మా వీధికి ఆ చివర పటాలం గేటు, ఈ చివర మా సమోవావాళ్ళ చర్చి. మా మనుషుల బతుకంతా ఆ రెంటి మధ్యే.

తెలేసియా మా చర్చి పిల్ల. సార్జెంటు ఫిలిపో భార్య, ఇద్దరాడపిల్లల తల్లి. దగ్గర్లోని ప్రాథమిక పాఠశాలలో టీచరుకి సహాయకురాలిగా చేసేది. అంటే పిల్లల ముక్కులు తుడవడం, ఏడ్చేవాణ్ణి ఊరుకోబెట్టడం, చదువు రానివాడి పక్కన కూర్చుని వచ్చేదాకా చెప్పడం. పని రెండింతలు, జీతం సగం. ఆ పిల్ల చెప్తే మొద్దబ్బాయిలకు కూడా కూడికలు వచ్చేసేవి. టీచరు కావాలన్నది దాని కోరిక. దానికి డిగ్రీ కావాలి, లైసెన్సు కావాలి.

చేరలేదా అంటే చేరింది. టెక్సాస్‌లో ఒక కాలేజీలో, అలాస్కాలో ఇంకోదాంట్లో, జార్జియాలో మరోదాంట్లో. సగం చదివేసరికి ఫిలిపోకి బదిలీ. కొత్త కాలేజీకి వెళ్తే, పాతచోట చదివిందాంట్లో సగం మాకు చెల్లదనేవారు. జార్జియాలో అయితే "మీరు చదివిన ఇంగ్లీషు మా ఇంగ్లీషుతో సమానం కాదమ్మా" అన్నారట. ఇంగ్లీషు కూడా రాష్ట్రానికో రకం వండుతారు కాబోలు!

దాని అత్తగారు మాకెరితా నోరు మంచిది కాదు. నాకు చిన్నప్పటి స్నేహితురాలు కాబట్టి అనే హక్కు నాకుంది. "మా కోడలు చదువుతూనే ఉంటుందే. మా వాడికి బదిలీలు ఆగవు, దీనికి అడ్మిషన్లు ఆగవు" అనేది చర్చి మెట్ల మీద, అందరూ వినేలా. తెలేసియా నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ ఏడు పటాలం భార్యల సంఘం దానికి స్కాలర్‌షిప్పు ఇచ్చింది. జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఇల్లు కదలకుండా కంప్యూటర్లో చదువు చెప్పే కాలేజీ ఒకటి ఎంచుకోవాలి. మంచిది దొరికితే టీచరవుతుంది. తప్పుడుదాంట్లో పడితే ఆ డబ్బూ పోతుంది, దాంతోపాటు ఆశా పోతుంది. ఐదోసారి మొదలెట్టడానికి మనిషి దగ్గర ఓపికన్నా మిగలాలిగా.

సరిగ్గా అప్పుడే దిగాడు కర్టిస్. ఏదో కాలేజీ తరఫు మనిషి. ప్రకటన కాగితం నిండా జెండా బొమ్మలు, సిపాయి టోపీలు. కుర్రాడు తెలివైనవాడు, మమ్మల్ని ఎలా పట్టాలో కనుక్కునే వచ్చాడు. ఆఫీసు తెరవలేదు, తిన్నగా చర్చికి వచ్చాడు. పూల చొక్కా తొడుక్కుని, మోకాళ్ళ దాకా తల వంచి, పాస్టరుగారికి డబ్బా మాంసం పెట్టెలకు పెట్టెలు సమర్పించాడు. చర్చి కప్పుకి విరాళం కవరు కూడా. పైగా మా భాషలో ఒక సామెత కంఠతా పట్టుకొచ్చి అప్పజెప్పాడు. ఇంకేముంది! డబ్బా మాంసం తెచ్చి, సామెత చెప్పి, తల వంచినవాడు మాకు పరాయివాడెలా అవుతాడు? పాస్టరమ్మగారు మురిసిపోయి, వచ్చే ఆదివారం భోజనాల దగ్గర మా ఆడవాళ్ళు ఏడుగురు ఆ కాలేజీలో చేరే సంతకాలు పెడతారని మాట ఇచ్చేశారు. మొదటి పేరు తెలేసియాది. ఆ పేరు చెప్పింది మాకెరితాయే.

శనివారం నేను పచ్చి అరటికాయలు చెక్కుతుంటే తెలేసియా పంది మాంసం బన్నులు పట్టుకుని వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది.

"పెద్దమ్మా, మా హెడ్‌మాస్టరు నకసోనె మేడంని అడిగాను. ఆ కాలేజీ పేరు చెప్పగానే కళ్ళజోడు తీసేసింది."

"ఏమందే?"

"'ఆ డిగ్రీ తెస్తే నీకు సహాయకురాలి ఉద్యోగం ఇవ్వగలను తెలేసియా. అది నీకు ఇప్పటికే ఉందిగా' అంది. ఆ డిగ్రీకి టీచరు లైసెన్సు రాదట పెద్దమ్మా. ఇక్కడా రాదు, ఇంకో రాష్ట్రంలోనూ అనుమానమేనట."

"అయితే చేరకు. దానికింత ఏడుపెందుకు?"

"నేనొక్కదాన్ని ఏ కడుపునొప్పో వచ్చిందని తప్పుకుంటే మిగతా ఆరుగురూ మునుగుతారు. వాళ్ళలో ఫెటూకి ఉన్నది ఆ స్కాలర్‌షిప్పు ఒక్కటే, నాలాగే. పోనీ అందరి ముందూ అడుగుదామంటే పాస్టరమ్మగారి మాట కొట్టేసినట్టు. మా అత్తయ్య ఇక నన్ను బతకనిస్తుందా?"

నిజమే. మాలో చిన్నవాళ్ళు సభలో నోరెత్తరు. ఎత్తితే ఆ పిల్ల పరువే కాదు, ఇంటిల్లిపాదీ పరువూ పోతుంది. కానీ దానికి మందు కూడా మావాళ్ళే పెట్టారు. సభలో మాట్లాడటానికి ఒక్కో వంశానికి ఒక్కో మాటల పెద్ద ఉంటాడు. ఎవరి మాటైనా ఆయన నోట వస్తే అది తిరుగుబాటు కాదు, మర్యాద. మా ముసలాయనకి ఆ బిరుదు ఉంది. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు గానీ, సభలో ఆయన లేస్తే ఈగ కూడా వాలదు.

"మరి మాటల పెద్దని ఇంట్లో పెట్టుకుని మేపుతున్నది ఎందుకే పిచ్చిదానా! ఆ బన్నులు నాకు కాదు, ఆయనకివ్వు. అడగాల్సిన పద్ధతిలో అడుగు" అన్నాను.

ముసలాయన వెనక గదిలో టీవీలో రగ్బీ చూస్తున్నాడు. తెలేసియా చాప మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, పళ్ళెం ముందు పెట్టి, అంతా చెప్పింది. ఆయన మూడు బన్నులు తిన్నాడు. తర్వాత టీవీ కట్టేశాడు.

"ప్రశ్న నీది, నోరు నాది" అన్నాడు. "బాగా ఆలోచించి రెండే ఇవ్వు. ఎక్కువైతే వాడు తేలికదానికి జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకుపోతాడు."

ఆ రాత్రి ఆ పిల్ల ఏం నిద్రపోయిందో తెలియదు గానీ, పొద్దున్నే చర్చి గుమ్మంలో ఆయన చెవిలో రెండు ప్రశ్నలు వేసింది.

ఆదివారం భోజనాలంటే మా హాల్లో కాలు పెట్టే చోటు ఉండదు. చేమదుంపలు, కొబ్బరిపాలలో ఉడికిన ఆకులు, కాల్చిన పంది. కర్టిస్‌ని పెద్దల వరసలో కూర్చోబెట్టారు. తిన్నాక పాస్టరమ్మగారు కాగితాలు, పెన్నూ తెచ్చి బల్ల మీద పెట్టారు. "రామ్మా తెలేసియా" అని పిలిచారు.

అప్పుడు లేచాడు మా ముసలాయన. పద్ధతి ప్రకారం మాటల పెద్ద భుజాన కొబ్బరిపీచు కుచ్చు ఉండాలి. ఇంట్లో మర్చిపోయాడు మహానుభావుడు. నా వంటింటి తువ్వాలు లాక్కుని భుజాన వేసుకున్నాడు. దానికి కూర మరకలు కూడా ఉన్నాయి. అయినా ఒక్కరూ నవ్వలేదు.

మొదట దేవుణ్ణి పొగిడాడు. తర్వాత పాస్టరుగారిని, పాస్టరమ్మని, కొండల్ని, సముద్రాన్ని, వచ్చిన అతిథిని, అతిథి తల్లిని. పక్కన ఒకమ్మాయి ఇంగ్లీషులో చెప్తుంటే కర్టిస్ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు, తనకేదో బిరుదు ఇస్తున్నారనుకుని. పంది చల్లారిపోయింది, పొగడ్త అయిపోలేదు. ఆఖరికి ముసలాయన తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చాడు.

"బాబూ, మా ఇంటి ఆడపిల్లని నీ చేతిలో పెడుతున్నాం. పెళ్ళికొడుకుని అడిగినట్టు రెండు మాటలు అడుగుతాను. మా పిల్ల నీ చదువు పూర్తి చేస్తే, పక్కన నిలబడే సహాయకురాలిగా కాదు, తనే టీచరుగా పెట్టుకునే బడి ఈ దీవిలో ఒక్కటి ఉందా? ఉంటే దాని పేరు చెప్పు."

కర్టిస్ నవ్వు తగ్గలేదు. "మా కాలేజీకి దేశమంతా గుర్తింపు ఉంది సార్."

"దేశమంతా చుట్టాలే అన్నవాడికి అన్నం పెట్టే ఇల్లేది నాయనా? ఒక్క బడి పేరు."

కర్టిస్ కాగితాలు తిరగేశాడు. పేరు రాలేదు.

"పోనీలే. రెండోది. దీని మొగుడు సిపాయి. నడుమ బదిలీ అవుతుంది. పిల్లలకు పాఠం చెప్పి చూపించే ఆఖరి మెట్టు ఇంకో రాష్ట్రంలో చేయాల్సొస్తే ఆ బడిని ఎవరు వెతుకుతారు? నువ్వా, అదా?"

"మా మేనేజరు ఫోన్ చేస్తారు సార్" అన్నాడు కర్టిస్. అప్పటికి మెడ ఎర్రబడింది.

"చేయమను. ఆ ఫోను వచ్చాక పెన్ను తీద్దాం" అని ముసలాయన కూర్చున్నాడు.

కర్టిస్‌ని మేం ఊరికే పంపలేదు. సగం పంది, చేమదుంపలు, ఒక నేత చాప, చర్చి కప్పు విరాళం కవరు అలాగే తిరిగి కారులో పెట్టి సాగనంపాం. అతిథి మర్యాద వేరు, సంతకం వేరు. ఆ మేనేజరు ఫోను ఇప్పటిదాకా రాలేదు.

పాస్టరమ్మగారు నెలపాటు నాతో ముభావంగా ఉన్నారు. మాకెరితా అయితే ఆ సాయంత్రమే మా గుమ్మంలో నిలబడింది. "మీ ముసలాయన నోటికి ఆ మాటలు అందించింది ఎవరో నాకు తెలియదనుకున్నావా?"

"తెలిస్తే ఏం చేస్తావే?"

"ఏం చేస్తాను! రేపట్నుంచి పిల్లల్ని నా దగ్గర దింపి కాలేజీలు వెతుక్కోమను. ఈసారైనా సరైంది చూసుకోమను" అని గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. మాకెరితాలో నాకు తెలియని మాకెరితా కూడా ఉందని ఆ రోజే తెలిసింది.

తెలేసియా ఈసారి కాలేజీల ప్రకటనలు చూడలేదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళతో మొదలుపెట్టింది. నకసోనె మేడంని, ఇంకో నలుగురు హెడ్‌మాస్టర్లని కలిసి, "మీ టీచర్లలో ఇంట్లోనే కూర్చుని చదువుకుని వచ్చినవాళ్ళెవరు, ఎక్కడ చదివారు?" అని అడిగింది. ఆ టీచర్లనే పట్టుకుని ఫీజెంత, పాఠం చెప్పేవాళ్ళు ఫోనెత్తుతారా అని ఆరా తీసింది. అమెరికా ప్రధాన భూభాగంలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ యూనివర్సిటీ పేరు పదేపదే వచ్చింది. దానికి జెండా బొమ్మ లేదు, టీవీలో ప్రకటన లేదు. సిపాయిల కుటుంబాలకు ఏ రాష్ట్రంలో ఉన్నా స్థానికులు కట్టే తక్కువ ఫీజే.

ఫోన్ చేస్తే ఎవరో పెద్దావిడ ఎత్తిందట. తెలేసియా ఆ రెండు ప్రశ్నలే అడిగింది. ఆవిడ, "ఈ రోజు చేరకండి. ముందు మీ మూడు పాత కాలేజీల మార్కులూ పంపండి. ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో రాసి ఇస్తాం. హవాయి లైసెన్సు ఆఫీసుని కూడా అడగండి. వాళ్ళు సరేనంటే అప్పుడు రండి" అంది. ఇవాళ కొనొద్దని చెప్పే కొట్టు దొరికితే కళ్ళు మూసుకుని కొనొచ్చు. తెలేసియా మాత్రం కళ్ళు తెరిచే, అన్నీ రాయించుకునే చేరింది. టెక్సాస్ చదువు, అలాస్కా చదువు దాదాపు అంతా చెల్లింది. జార్జియావాళ్ళు కాదన్న ఇంగ్లీషు కూడా! ఫెటూ, ఇంకో ఇద్దరు దాని వెనకే చేరారు.

తర్వాత ఆ పిల్ల చదివిన చదువు మాటల్లో చెప్పేది కాదు. కూతుళ్ళ ఫుట్‌బాల్ మైదానం పక్కన కారులో చదివింది. పటాలం ఆసుపత్రి వరసలో కూర్చుని చదివింది. ఫిలిపో కొరియాలో ఉన్న ఏడాదంతా ఒంటిచేత్తో ఇల్లు, బడి, చదువు నడిపింది. పరీక్ష ఉన్న వారం మాకెరితా పిల్లల్ని తీసుకుపోయి, "మీ అమ్మ చదువుకుంటోంది, ఎవరైనా కిక్కురుమన్నారో!" అని వీధి వీధంతా వినేలా అరిచేది.

సరిగ్గా ఆఖరి మెట్టు దగ్గర, పిల్లలకు పాఠం చెప్పి చూపించే ముందు, ఫిలిపోకి వాషింగ్టన్ రాష్ట్రానికి బదిలీ వచ్చింది. పెట్టెలు సర్దడానికి వెళ్తే తెలేసియా ఫోనులో ఉంది. కళ్ళలో నీళ్ళున్నాయి. నాలుగోసారీ అయిపోయిందనుకున్నాను. ఫోను పెట్టేసి, "యూనివర్సిటీవాళ్ళు అక్కడ లేక్‌వుడ్‌లో బడి చూసి పెట్టారు పెద్దమ్మా. నేను విమానం దిగేసరికి నా క్లాసు సిద్ధంగా ఉంటుందట" అంది. ఇద్దరం అట్టపెట్టె మీద కూర్చుని ఏడ్చాం. ఆ పెట్టె కూలింది కూడా.

ఆ లేక్‌వుడ్ బడి హెడ్‌మాస్టరు దాని పాఠం చూసి, డిగ్రీ చేతికి రాకముందే వచ్చే ఏడాదికి టీచరుగా రమ్మన్నాడు. ఆ రాష్ట్రంలో లైసెన్సుకి అడ్డేమీ లేదన్నారు.

పట్టా ఇచ్చే ఉత్సవానికి అందరం ఆ మొక్కజొన్న చేల ఊరికి వెళ్ళాం. చదువంతా అయిపోయాక మొదటిసారి ఆ కాలేజీ గడప తొక్కింది తెలేసియా. మే నెలలో కూడా చలి. మేం పూలదండలు, చాక్లెట్ల దండలు పెట్టెలకొద్దీ మోసుకుపోయాం. ఆ ఊరివాళ్ళు మమ్మల్ని చూసి పెళ్ళివారనుకున్నారు. లోపల మైకులో ముందే చెప్పారు: దయచేసి నిశ్శబ్దంగా ఉండండి, చప్పట్లు అందరి పేర్లూ అయ్యాక చివర్లో కొట్టండి అని. ఆ ఊరి జనం బుద్ధిగా, చర్చిలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

తెలేసియా పేరు పిలిచారు. నల్ల గౌనులో తలెత్తుకుని నడిచి వచ్చింది. నా పక్కన మాటల పెద్దకి మాట రాలేదు. అంతే, మాకెరితా కుర్చీ మీదికెక్కింది. మోకాళ్ళ నొప్పులని చర్చి మెట్లు ఎక్కడానికి మూలిగే మనిషి! రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "అది మా కోడలు! మా టీచరు!" అని వేసిన కేకకి హాలంతా వెనక్కి తిరిగింది. వేదిక మీద తెలేసియా అడుగు ఆగింది. ఎవరి గొంతో పోల్చుకుని రెండు చేతుల్తో మొహం కప్పుకుంది.

చేతికి పట్టీ కట్టుకున్న ముసలి కార్యకర్త ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అమ్మా, దయచేసి చివరిదాకా ఆగండి" అన్నాడు గుసగుసగా.

మాకెరితా కుర్చీ మీంచే ఆయన వైపు వంగింది.

"మా కోడలు ఆగాల్సినంత ఆగింది నాయనా. ఇక నేనాగను" అంది, ఇంకో కేకకి ఊపిరి తీసుకుంటూ.