పెద్దమ్మ ఆకుపచ్చ పెట్టె

మా పెద్దమ్మ ఇంటికి వెళ్ళి, ఏదో ఒక బరువు మొయ్యకుండా బయటపడ్డవాళ్ళు లేరు. మీటరు చూడ్డానికి వచ్చినాయన పూలకుండీలు జరిపి వెళ్ళాడు. బీమా ఏజెంటు పాలసీ అంటగట్టడానికి వచ్చి, బట్టల బీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి చేర్చి, వచ్చిన పని మరిచిపోయి వెళ్ళిపోయాడు. మర్నాడు గుర్తొచ్చి మళ్ళీ వస్తే, ఆ బీరువానే తిరిగి ఈ గోడకి తెప్పించింది.

ముప్పై ఏళ్ళు తపాలా ఆఫీసులో పార్సిళ్ళ దగ్గర పనిచేసిన మనిషి. దేన్నయినా చేత్తో ఎత్తి తూకం చెప్పేస్తుంది. కాటా మీద పెట్టినా అంతే ఉంటుంది. మా పెళ్ళైన కొత్తలో మా ఆవిడని కౌగిలించుకుని, కాస్త పైకి లేపి, "యాభై రెండు. ఇంకాస్త తినమ్మా," అంది. అది ఆశీర్వచనమో ఫిర్యాదో మా ఆవిడకి ఇప్పటికీ తెలీదు.

నలభయ్యో ఏట పెద్దమ్మకి నడుం పట్టేసింది. రెండేళ్ళు మంచం దిగిందే తక్కువ. చివరికి ఒక డాక్టరు, "ఎముకలకేం కాలేదమ్మా, కండలు నీరసించాయి. కొద్దికొద్దిగా బరువులెత్తండి," అన్నాడు. "ఇన్నాళ్ళూ మంచం నన్ను మోసింది, ఇక నేను మోస్తా," అని నీళ్ళసీసాతో మొదలుపెట్టి, ఏడాది తిరిగేసరికి ఆ మంచాన్నే ఒక పక్కకి ఎత్తి కింద ఊడ్చింది. ఎలా ఉందో చూద్దామని వచ్చిన డాక్టరు చేత కుట్టుమిషను మోయించింది.

ఇక నా సంగతి. నేను గడియారాలు బాగుచేస్తాను. పదేళ్ళు బల్ల మీదికి వంగి వంగి నడుంనొప్పి తెచ్చుకున్నాను. డాక్టరు నాకూ అదే మాట చెప్పి వ్యాయామాలు రాసిచ్చాడు. ఆ కాగితం ఎత్తినా ప్రమాదమేమోనని సొరుగులో పెట్టి తాళం వేశాను. కొట్లో గడియారపు చిన్న మర కింద పడితే దారినపోయేవాళ్ళని పిలిచి తీయించుకునేవాణ్ణి. ఇదంతా నవ్వులాటే గాని, ఒక్కటి మాత్రం కాదు. మా పాప చేతులు చాపి "ఎత్తుకో" అంటే, "అమ్మ దగ్గరికి వెళ్ళు తల్లీ," అనేవాణ్ణి. కొన్నాళ్ళకి అది నా వైపు చేతులు చాపడమే మానేసింది. నాకు చాలా బాధేసింది.

ఒక ఆదివారం ముగ్గురం పెద్దమ్మ ఇంటికి వెళ్ళాం. పాప నన్ను దాటుకుపోయి పెద్దమ్మ వైపు చేతులు చాపింది. పెద్దమ్మ ఎత్తుకుని, "పదిన్నర," అని, నా మొహం వంక కాసేపు చూసింది. తర్వాత మూలనున్న ఆకుపచ్చ పెట్టె చూపించింది.

"అబ్బాయ్, అది వెనక గదిలో పెట్టి రా."

"నాకు నడుంనొప్పి కదా పెద్దమ్మా."

"ఖాళీ పెట్టేలే."

"ఖాళీ పెట్టె అక్కడెందుకు?"

"మరి ఇక్కడెందుకు?"

వంగబోతే కసిరింది. "నడుం కాదు, మోకాళ్ళు వంచు. పెట్టె పొట్టకి ఆనించుకో. ఊపిరి వదుల్తూ లే." పెట్టె మీద గీతలు పడతాయని ఆమె భయం కాబోలు అనుకున్నాను.

మా కొట్టుకి పెద్దమ్మ ఇల్లు పక్క వీధే. ఇక వారానికి మూడుసార్లు కబురు. "పెట్టెకి చెమ్మ తగుల్తోంది, ముందు గదిలో పెట్టు." "ఎండ తగుల్తోంది, వెనక గదిలో పెట్టు." కొన్నాళ్ళకి ఒక్క రాకకే మూడేసి మార్లు అటూ ఇటూ. ఆ ఇంట్లో పెట్టెకి జరిగే మర్యాద మనుషులకి జరగదు. ఒకరోజు బరువు పెరిగిందేమిటని అడిగితే, "నువ్వే సరిగ్గా తినడం లేదు," అంది. ఒక వారం నా నడుం మళ్ళీ కలుక్కుమంది. అప్పుడూ వదల్లేదు గాని, ఆ వారం పెట్టె తేలిగ్గా ఉంది.

ఎనిమిది నెలలు గడిచాయి. కొట్లో పడిన మరలు నేనే తీసుకుంటున్న సంగతి నేను గమనించనే లేదు. ఒక ఆదివారం పెద్దమ్మ ఇంట్లో, మళ్ళీ పెట్టె జరపమనేసరికి, మా ఆవిడా పాపా చూస్తుండగానే నాకు ఒళ్ళు మండింది.

"ఇందులో ఏముందో చెబితే గాని ఇక మొయ్యను."

"తెరిచి చూడు."

తువ్వాలులో చుట్టిన పాత తూకపురాళ్ళు. వాటి మీద ఒక నోటుపుస్తకం. పార్సిళ్ళ మీద రాసే గుండ్రటి రాతలో తేదీలు, పక్కన రెండు వరసలు. మొదటి తేదీకి, "పెట్టె ఒకటిన్నర, పాప పదిన్నర." మధ్యలో ఒకచోట, "వాడికి నడుం పట్టేసింది. నాలుగు కిలోలు తీసేశాను. భయపెట్టకూడదు." ఇంకోచోట, "పాప మళ్ళీ పెరిగింది. ఈ పిల్లని కాస్త ఆగమని చెప్పేవాళ్ళు లేరు." ఆఖరి తేదీకి, "పెట్టె పన్నెండున్నర, పాప పన్నెండున్నర."

"ముందే చెప్పొచ్చు కదా పెద్దమ్మా."

"చెబితే ఆ కాగితంతోపాటు నన్నూ సొరుగులో పెట్టేవాడివి."

పాప ముందు కూర్చుని చేతులు చాపాను. అది నన్ను చూసింది, వాళ్ళమ్మని చూసింది, అనుమానంగానే వచ్చింది. మోకాళ్ళు, పొట్ట, ఊపిరి. లేచాను. నడుం కిక్కురుమనలేదు. పాప నా చెవి పట్టుకుని పై నుంచి గది అంతా చూసుకుంది. నాకు పట్టరాని సంతోషం వేసింది.

"ఇక ఈ పెట్టెతో పని లేదుగా," అన్నాను.

"పిల్ల పెరగడం మానేసిందా?" అంటూ పెద్దమ్మ పెట్టెలో ఇంకో అరకిలో రాయి వేసి మూత పెట్టింది. "పిల్లని దింపి, దీన్ని వెనక గదిలో పెట్టి రా."

ఆ రోజు పెట్టె ముందు గదిలోనే ఉండిపోయింది. పాప దిగితే కదా.