పెదనాన్న కారుకి నేను పెట్టిన సిగ్నళ్లు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలిసినవి ఎంత తక్కువో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది గానీ, రైల్వే సిగ్నల్ డిపార్టుమెంటులో అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో, మెడలో కార్డు వేలాడేసుకుని ట్రాఫిక్ కాలనీ సందుల్లో నడుస్తుంటే, ఖరగ్‌పూర్ మీదుగా పోయే ప్రతి రైలూ నన్నడిగే పోతోందని నమ్మేవాణ్ణి. (అప్పటికి నాకు అప్పగించిన పని సిగ్నళ్ల రిలే గదిలో దుమ్ము తుడవడం.) అలాంటివాడి చేతికి స్క్రూడ్రైవరు ఇవ్వకూడదు. మా పెదనాన్న ఇచ్చాడు. దానితోపాటు తన కారునీ ఇచ్చాడు.

అది రెండే సీట్లున్న ఎర్ర విలాయతీ స్పోర్ట్స్ కారు. టాపు మడిచి వెనక్కి పడేసుకోవచ్చు. నేను పుట్టకముందు, ఊరొదిలి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర పెదనాన్న కొన్నాడట. ఆయన మెయిలు రైళ్ల డ్రైవరుగా రిటైరయ్యాడు. పిల్లల్లేరు. ఉన్న ప్రేమంతా ఆ కారుకీ మా అక్కకీ సమానంగా పంచేశాడు. (నాకేం మిగల్లేదు. నన్ను నేనే అప్పటికి చాలా ప్రేమించుకుంటున్నాను కాబట్టి లోటు తెలియలేదు.) అక్క ఇంకా గౌనులేసుకునే రోజుల్లో ఆ కారెక్కి, "పెదనాన్నా, నా పెళ్లికి ఇందులోనే గుడికెళ్తాను" అందట. (మాకు గుడంటే చర్చి.) "అలాగే ఎల్దాం తల్లీ" అన్నాడట ఆయన. మెయిలు డ్రైవరు మాట, ఇక తిరుగులేదు. తీరా పెళ్లి కుదిరేసరికి కారుకి ముసలితనం వచ్చేసింది. డాష్‌బోర్డు మీద ఉన్న గేజీలన్నీ చచ్చి ఊరుకున్నాయి. ఇంజను వేడెక్కితే పొగ వచ్చి చెప్పాలి, ఆయిలు తగ్గితే చప్పుడు వచ్చి చెప్పాలి. దారిలో ఆగిపోతే అమ్మాయి పెళ్లి ఏమవుతుందని అమ్మ గోల. మా పాస్టరయ్యగారు గడియారం మనిషి. పైగా ఆ రోజు మా పెళ్లి వెనకాలే ఇంకో పెళ్లి ఉంది.

"గేజీలూ లైట్లూ నేను పెడతాను పెదనాన్నా" అన్నాను.

"నీకేటి తెల్సురా?"

"సిగ్నల్ డిపార్టుమెంటు కదా నేను."

ఆ ఒక్క మాటకి ఆయన మెత్తబడిపోయాడు. డ్రైవరుకి దేవుడి తర్వాత సిగ్నలే. "నా సర్వీసు మొత్తంలో ఒక్క రెడ్డు దాటలేదు" అన్నది పెదనాన్న చెప్పుకునే ఒకే ఒక్క గొప్ప. పుట్టినరోజు కూటాల్లో కృతజ్ఞతా ప్రార్థన చెయ్యమంటే, దేవుడు చేసిన మేళ్లు రెండు చెప్పి, ఈ సంగతి దేవుడికి ఇంకోసారి గుర్తు చేసేవాడు.

గోల్‌బజార్ పాతసామాన్ల కొట్లో నాకొక ప్రెషర్ గేజి దొరికింది. ఏ కాలం ఇంజనుదో, పెద్ద ఇత్తడి చట్రంతో అన్నం పళ్లెమంత ఉంది. అది డాష్‌బోర్డులో పట్టక, ఎడమ వైపు, అంటే పెళ్లికూతురు కూర్చునే సీటు ఎదురుగా బిగించాను. ఇంజన్లోంచి ఆయిలు సన్నటి రాగి గొట్టంలో గేజి దాకా వస్తుంది. దాని పక్కన మూడు ఆకుపచ్చ దీపాలు: ఒకటి ఆయిలుకి, ఒకటి వేడికి, ఒకటి బ్యాటరీకి. ఇక్కడే నా మేధావితనం పొంగింది. లోకంలో ఏ కారుకైనా ఏదో చెడిపోతే దీపం వెలుగుతుంది. ఆ బల్బే మాడిపోతే చెప్పేదెవరు? అందుకని నేను రైల్వే పద్ధతిలో పెట్టాను. అన్నీ బాగున్నంతసేపూ దీపాలు వెలుగుతాయి. ఆరిందంటే ప్రమాదం. పెదనాన్న విని నా భుజం తట్టాడు. "ఆరిన సిగ్నలంటే ఎర్ర సిగ్నలే. సరిగ్గా సేసినావురా" అన్నాడు. ఆ పొగడ్త తలకెక్కి, దీపాల కింద పేర్లు పెయింటుతో అందంగా రాయడం మొదలుపెట్టాను. చేత్తో బిగించిన రాగి గొట్టం జాయింటుని స్పానరుతో ఇంకో పట్టు పట్టాలి. అక్షరాలు ఆరాక బిగిద్దాంలే అనుకున్నాను. అక్షరాలు బాగా ఆరాయి.

పెళ్లిరోజు అక్క తెల్లచీర కట్టుకుని సీట్లో కూర్చుంది. ఎదురుగా ఉన్న గేజి చూసి, "ఇదేటిరా, నన్ను గుడికి తీసికెల్తన్నారా, బాయిలర్ తనిఖీకా?" అంది. నేను వెనక, మడిచిన టాపు మీద, కొత్త సూటులో కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. రైలింజన్లో డ్రైవరూ అసిస్టెంటూ ప్రతి సిగ్నలునీ ఒకరికొకరు గట్టిగా అరిచి చెప్పుకోవాలని రూలుంది. కారుకి సిగ్నళ్లొచ్చాయి గనక ఆ రూలూ వచ్చేసింది.

"ఆయిల్?" అని పెదనాన్న అరిచేవాడు.

"ఆయిల్ గ్రీన్!" అని నేను.

"టెంపరేచర్?"

"గ్రీన్!"

"సిగ్గు?" అని అక్క. దానికి దీపం పెట్టలేదు.

కాలనీ చెట్ల నీడ దాటేవరకూ రాజాల్లా వెళ్లాం. గోల్‌బజార్లోకి తిరగ్గానే ఎండ సూటిగా దీపాల మీద పడింది. ఎండలో చిన్న బల్బు వెలుగుతోందో ఆరిందో ఎవరికి తెలుస్తుంది? పెదనాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. నేను వెనకనుంచి వంగి, దీపాలకి చెయ్యి అడ్డం పెట్టి చూసి, "గ్రీనే, గ్రీనే!" అన్నాను. బట్టల కొట్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ ఆగాం. చేపల కొట్ల వరసలో మళ్లీ. మా వెనక రిక్షాలూ ఆటోలూ ఊరేగింపులా చేరాయి. "కీ హొలో దాదా?" అని ఏమైందో కనుక్కుంటూ ఒకడు, "సిగ్నల్ నహీ మిలా క్యా?" అని, సిగ్నలు ఇవ్వలేదా అంటూ వెక్కిరిస్తూ ఇంకొకడు. ఆ రెండోవాడు తన మాట అక్షరాలా నిజమని ఎరగడు.

"ఒరే, కాళ్ల మీద ఏదో వెచ్చగా పడతన్నాది" అంది అక్క.

"ఇంజను వేడి, అలాగే ఉంటుంది" అన్నాను.

"వేడి కారదు కదరా?"

అంతలో కారు మళ్లీ ఆగింది. ఈసారి చెయ్యి అడ్డం పెట్టినా ఆయిలు దీపం వెలగలేదు. గేజి ముల్లు సున్నా మీద పడుకుంది.

"రెడ్డు" అన్నాడు పెదనాన్న, ఇంజను ఆపేసి.

"బల్బు పోయింది పెదనాన్నా, పోనీ."

"మరి ముల్లు?"

"గొట్టంలో గాలి పట్టింది." (ఆ ముక్క ఎక్కణ్ణుంచి ఊడిపడిందో నాకిప్పటికీ తెలీదు. అంత ధైర్యంగా అబద్ధం ఆడినవాడు సాధారణంగా తనే ముందు నమ్మేస్తాడు.)

"నేను రెడ్డు దాటను."

"అయ్యగారు గుమ్మంలో గడియారం సూసుకుంటన్నారంట, అమ్మ ఫోన్ల మీద ఫోన్లు సేస్తన్నాది!" అంది అక్క, ఏడుపు గొంతుతో. పెదనాన్న మొదటిసారి ఇబ్బందిగా కదిలాడు. ఒక పక్క ఆ పిల్లకిచ్చిన మాట, ఇంకో పక్క జీవితమంతా దాటని రెడ్డు. నా వైపు తిరిగి, "అయితే రాసియ్యి" అన్నాడు. ఆరిన సిగ్నలు దాటాలంటే డ్రైవరుకి రాతపూర్వకమైన అనుమతి ఉండాలి. అదీ రూలే. ఎదురుగా ఉన్న చేపల కొట్టు దీదీ పొట్లం కట్టే కాయితం ఒకటి ఇచ్చింది. "ఆయిలు సిగ్నల్ బల్బు పోయినది. ఇంజను బాగున్నది. దాటవచ్చును" అని రాసి, కింద నా పొడుగాటి సంతకం పెట్టాను. అప్రెంటిస్ అని కూడా రాయలేదు. పెదనాన్న అది రెండుసార్లు చదివి, మడిచి, కోటు జేబులో పెట్టుకుని, రెడ్డు దాటాడు.

గుడి సందు మొదట్లో ఇంజను ఒక్కసారి మూలిగి బిగుసుకుపోయింది. కిందకి వంగి చూస్తే, నేను స్పానరు పట్టని జాయింటులోంచి ఆయిలంతా కారిపోయి అక్క చెప్పుల్లో మడుగు కట్టింది. చీర అంచు బొగ్గు రంగుకి తిరిగింది. నా దీపం నిజం చెప్పింది. సంతకం పెట్టిన నేనే అబద్ధం చెప్పాను.

అప్పుడప్పుడే ఊళ్లోకి టోటోలు వస్తున్నాయి. అలాంటి బ్యాటరీ బండివాడొకడు జాలిపడి కారుకి తాడు కట్టాడు. అక్క దిగి నడుస్తానంటే పెదనాన్న ఒప్పుకోలేదు. "నా కార్లోనే ఎల్తావని సెప్పినాను" అని స్టీరింగు పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. ముందు టోటో, వెనక స్పోర్ట్స్ కారు, దాని వెనక సూటులో తోస్తూ నేను. అలా అక్క గుడికి చేరింది. పాస్టరయ్యగారు గడియారం చూశారు, తర్వాత మమ్మల్ని చూశారు, బైబిలు తెరిచారు. పెళ్లి జరిగింది. అక్క జోళ్లు గుమ్మంలో వదిలేసి నడిచిన దారంతా నల్లటి అడుగులు పడ్డాయి. మా బావ ఆల్బంలో ప్రతి ఫొటోలోనూ అక్క మోకాళ్ల దాకానే ఉంటుంది.

ఇంజను బాగుపడ్డానికి నెలలు పట్టింది. పెదనాన్న పాత లోకో షెడ్డు స్నేహితులు అది విప్పి బిగిస్తుంటే నన్ను బ్యాటరీ లైటు పట్టుకోనిచ్చారు, స్పానరు ముట్టుకోనివ్వలేదు. అక్క కొడుకు పుట్టినరోజు కూటంలో పెదనాన్న యథాప్రకారం ప్రార్థనకి లేచాడు. "ప్రభువా, నా సర్వీసులో ఒక్క రెడ్డు దాటలేదు" అని, కళ్లు తెరిచి నా వైపు చూసి, "సర్వీసులో ఉన్నంత కాలం" అని కలిపాడు. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనే అన్నాను.

ఇప్పుడు నాకూ ఒక కారుంది. ఏదో ఒక దీపం వెలిగించి నన్ను భయపెట్టడమే దాని పని. మొన్న ఆదివారం చేపలు కొనుక్కుని ఊరి బయట సాలువా వైపు పోతుంటే ఎర్రదీపం ఒకటి వెలిగింది. రోడ్డు పక్కన ఆపి, బానెట్ తెరిచి, ఆయిలు చూసి, జాయింటన్నదల్లా తడిమి, ఎండలో చెమటలు కక్కుతూ నిలబడ్డాను. తీరా చూస్తే అది సీటుబెల్టు దీపం. పక్క సీట్లో పెట్టిన చేపల సంచి బరువుకి, మనిషెవరో బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నాడని కారు అనుకుంది. పెదనాన్నకి ఫోన్ చేసి చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"సేపకి బెల్టు కట్టినావేటి?"

"కట్టాను పెదనాన్నా."

"పోనీలే. ఆగినావు కదా, అదే సాలు" అన్నాడు.