వంతెన మూయించిన మనిషి

మా ఆయన పోయాక పిండి మర నేనే నడిపాను. నాగులేటి గట్టు మీద, నడక వంతెన మొదట్లోనే మా రేకుల షెడ్డు. ఏటికి ఇవతల మా ఊరు, అవతల రెండు పల్లెలు. ఆ పల్లెల్లో మర లేదు. బియ్యమైనా, జొన్నలైనా, కారానికి ఎండుమిరపకాయలైనా నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు వంతెన దాటి నా దగ్గరికే వచ్చేవాళ్ళు. మా అమ్మాయి నరసరావుపేటలో కాపురం ఉంటుంది. ఇంట్లో నేనొక్కదాన్నే. అయినా పొద్దుటి నుంచి షెడ్డులో ఎవరో ఒకరు ఉండేవాళ్ళు కాబట్టి, ఒక్కదాన్నే అన్న సంగతి అన్నం ముందు కూర్చున్నప్పుడు తప్ప గుర్తుకొచ్చేది కాదు.

అవతలి పల్లె నుంచి ఒక అక్క రోజూ మధ్యాహ్నం వచ్చేది. నాకంటే బాగా పెద్దది, ఆమె భర్త కూడా లేడు. కొడుకూ కోడలూ మిరప చేలో పనికి పోతే ఇంట్లో తోచక వచ్చేది. పిండి పట్టించడానికి ఏమీ లేకపోయినా వచ్చేది. ఆమెకు చెవులు వినపడవు. మొదట్లో నేను గట్టిగా అరిచి చెప్పేదాన్ని. తర్వాత ఇద్దరికీ చేతులు, పెదాలు అలవాటైపోయాయి. మర తిరుగుతుంటే వచ్చినవాళ్ళు ఒకరి మాట ఒకరికి వినపడక విసుక్కునేవాళ్ళు. మా ఇద్దరికీ ఆ బాధ లేదు.

"మర మోగుతుంటే అందరూ నాలాంటి చెవిటోళ్ళేనే. అందుకే నాకు ఈడ బాగుంటది," అని ఆమె పెద్దగా నవ్వేది.

వంతెన చానా పాతది. ఇనుప దూలాల మీద అడ్డంగా నాపబండలు పరిచి కట్టారు. పక్కన పట్టుకునే కమ్మీ ఒకవైపు ఎప్పుడో ఊడిపోయింది. బండలు కదిలి కాలు వేస్తే చప్పుడు చేసేవి. ఏ బండ మీద వేయాలో, ఏది దాటాలో నడిచేవాళ్ళందరికీ తెలుసు. తెలుసు కాబట్టి ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. సాగర్ కాలువ నీళ్ళు కూడా కలిసి ఏరు ఎర్రగా నిండుగా పోతోంది. ఒకరోజు మధ్యాహ్నం నేను షెడ్డు ముందు జల్లెడ దులుపుతున్నాను. అక్క వంతెన మీద వస్తోంది. ఆమె ముందున్న బండకు నడిమధ్య చీలిక కనిపించింది. పొద్దున అది లేదు. "అక్కా, ఆగు!" అని అరిచాను. అరిచాక గాని ఆమెకు వినపడదన్న సంగతి తట్టలేదు. జల్లెడ పడేసి చేతులూపుతూ పరిగెత్తాను. ఆమె తల వంచుకుని, కొంగు సర్దుకుంటూ నడుస్తోంది.

బండ రెండు ముక్కలైంది. ఒక ముక్క నీళ్ళలో పడిన చప్పుడు నేను విన్నాను. ఆమె ఒక కాలు తొడ దాకా లోపలికి దిగిపోయింది. ఇంకో కాలు మడత పడి దూలానికి అడ్డుగా నిలిచింది. అదొక్కటే ఆమెను నిలబెట్టింది. నేను పోయి బోర్లా పడుకుని ఆమె చంకల కింద చేతులు వేశాను. వెనక నుంచి ఎవరో గొర్రెల కాపరి వచ్చి నా నడుం పట్టుకున్నాడు. ఇద్దరం కలిసి లాగాం. ఆమె కాలు చర్మం లేచిపోయి రక్తం కారుతోంది. ఏడవలేదు. నా మొహం చూసి, "ఏంది, ఎందుకేడుస్తున్నావే?" అంది.

అప్పుడు కింది దూలం నాకు దగ్గరగా కనిపించింది. ఆమెను లాగేటప్పుడు నా చెయ్యి దానికి ఆనితే తుప్పు పెచ్చులుగా ఊడి వచ్చింది.

వారంలోపే ఇంజనీరు వచ్చాడు. రెండు వైపుల మగవాళ్ళూ గట్టు మీద చేరారు. వాళ్ళందరిదీ ఒకటే మాట.

"ఏం కాలేదు సార్, ఒక బండ పగిలింది. ఒక కొత్త బండ ఏయించండి, చాలు."

వంతెన మూసేస్తారేమోనని వాళ్ళ భయం. అవతలివాళ్ళకు బడికి, బస్సుకు, మందుల షాపుకు అదే దారి. మగవాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ నేను షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంజనీరు నన్ను చూసి, "ఆరోజు ఉన్నది మీరేగా అమ్మా, మీరు చెప్పండి," అన్నాడు.

"బండ ఒకటే కాదు సార్. కింద ఇనుమంతా పోయింది. నేను చేత్తో పట్టుకుంటే ఊడొచ్చింది. రేపు పిలకాయలు పడితే తీసేవాళ్ళు కూడా ఉండరు," అన్నాను.

అంతే అన్నాను. ఆయన మనుషులను కిందికి దించి సుత్తితో కొట్టించి చూశాడు. మర్నాటికి రెండు చివర్లా రాళ్ళు అడ్డం పెట్టి, ముళ్ళకంప వేసి, బోర్డు తగిలించారు. కుర్రవాళ్ళు కంప దాటి నడుస్తున్నారని తెలిసి, కొన్నాళ్ళకు నడిమధ్య బండలన్నీ తీయించేశారు. ఆ తర్వాత దూలాల మధ్య నుంచి ఏరు కనపడేది.

అవతలివాళ్ళు పెద్ద రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. అంత దూరం తిరిగేవాళ్ళు పిండి పట్టించుకోవడానికి నా దగ్గరికెందుకు వస్తారు? దారిలో ఉన్న ఇంకో ఊరి మరకు అలవాటు పడ్డారు. మా ఊరివాళ్ళు వచ్చేవాళ్ళు గానీ, సంచి పెట్టి, "సాయంత్రం వచ్చి తీసుకుంటాం," అని వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ చుట్టాలూ, వాళ్ళు కౌలుకు చేసే పొలాలూ అవతలే ఉన్నాయి. ఒకాయన నా మొహం మీదే అన్నాడు. "పోతే ఒక బండ పోయేది. నువ్వు ఏకంగా దారే పోగొట్టావు."

నన్ను అసలు పేరుతో కాకుండా వంతెన మూయించినామె అని చెప్పుకుంటున్నారని టీ కొట్టతను చెప్పాడు. చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

షెడ్డులో మధ్యాహ్నాలు గడవడం చానా కష్టమైంది. మర ఖాళీగా తిప్పితే లోపలి రాళ్ళు ఒకదానికొకటి రాసుకుని పాడైపోతాయి. అందుకని ఒక్కోసారి బెల్టు తీసేసి ఉత్త మోటారు వేసుకుని దాని పక్కన కూర్చునేదాన్ని. ఆ మోతలో ఉంటే ఎవరో వచ్చి ఉన్నట్టే అనిపించేది. కరెంటు బిల్లు చూసి మా అమ్మాయి ఫోన్లో, "బేరం లేకుండా ఇంత బిల్లేందమ్మీ?" అని అడిగింది. మీటరు పాడైంది అని చెప్పాను.

అక్క కాలు కొంచెం నయమయ్యాక అవతలి గట్టు మీదికి రావడం మొదలుపెట్టింది. కర్ర పట్టుకుని వచ్చి ఒక రాయి మీద కూర్చునేది. నేను ఇవతల కూర్చునేదాన్ని. ఇంకెవరైనా అయితే ఏటి మీదుగా అరుచుకోవాలి. మాకు ఆ పని లేదు. చెయ్యి నోటి దగ్గర పెట్టి తిన్నావా అని అడిగేది. తిన్నానని కడుపు తట్టుకునేదాన్ని. కాలెట్లా ఉందని నేను నా కాలు చూపిస్తే, ఆమె కర్ర పైకెత్తి ఊపేది. చిన్న సంగతులు అంత దూరం కనిపించవు. తిన్నావా, నిద్రపోయావా, బాగున్నావా, అంతే. అవే ఒకరినొకరం అడుగుతూ ఒక వానాకాలం గడిపాం.

తర్వాత ఆమె చూపు మందగించింది. నాకది ఎలా తెలిసిందంటే, ఒకరోజు నేను గట్టు చివర నిలబడి ఉంటే ఆమె షెడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపుతోంది. నేను చీర కొంగు ఊపాను. ఆమె షెడ్డుతోనే మాట్లాడుతోంది. తిన్నావా అని షెడ్డును అడిగింది. కాసేపు చూసి, లేచి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రాలేదు.

ఎండాకాలంలో ఏటిలో దిగి చూశాను. నీళ్ళు నడుం దాకే గానీ, కింద బురద మోకాళ్ళ దాకా పట్టేసింది. భయపడి వెనక్కి వచ్చేశాను. చివరికి ఒకరోజు ఆటో మాట్లాడుకుని చుట్టూ తిరిగి వాళ్ళింటికి పోయాను. ఇన్నేళ్ళలో ఆమె గడప తొక్కడం అదే మొదలు. ఎప్పుడూ ఆమే వచ్చేది కదా.

కోడలు కళ్ళంలో మిరపకాయలు ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"అత్త లోపల పడుకుంది," అంది. కాయలు ఏరుతూనే, "మా పిలకాయలు ఎండలో బడికి చుట్టూ తిరిగి పోతున్నారు పిన్నీ. ఆమెకు చెవుల్లేవు, నీకు నోరుంది. మధ్యలో మాకు దారి లేకుండా పోయింది," అంది.

మీ అత్త కోసమే చెప్పాను అనొచ్చు. ఆ మాట ఆ కళ్ళం మధ్య నిలబడి అనాలనిపించలేదు. లోపలికి పోయి మంచం పక్కన కూర్చున్నాను. అక్క నా చెయ్యి పట్టుకుని తడిమి చూసింది. గోళ్ళ సందుల్లో పిండి తగిలిందేమో, మొహమంతా విప్పారింది. "ఏమే, వచ్చావా?" అంది. ఆటో అతను బయట హారన్ కొట్టేదాకా నా చెయ్యి వదల్లేదు. కోడలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మళ్ళీ పోవడానికి నాకు మొహం చెల్లలేదు.

కొత్త వంతెన పని చానా ఆలస్యంగా మొదలైంది. పాత దూలాలు గ్యాస్ కట్టర్‌తో కోసి లారీలో వేసుకుపోయారు. పనివాళ్ళు బీహారు నుంచి వచ్చారు. మా షెడ్డు వెనక డేరాలు వేసుకున్నారు. వాళ్ళకు అన్నం సరిపడదు, రొట్టెలు కావాలి. గోధుమలు తెచ్చుకుని నా దగ్గర పట్టించుకునేవాళ్ళు. మా ఇంట్లో మాట్లాడే ఉర్దూ వాళ్ళకు కొంచెం అర్థమయ్యేది, వాళ్ళ హిందీ నాకు కొంచెం. "మౌసీ, పిండి ఇంకా మెత్తగా రావాలి," అని గొడవ చేసేవాళ్ళు. ఒకతను ఫోన్లో వాళ్ళమ్మకు నన్నూ నా మరనూ చూపించాడు. ఆవిడ తలమీద ముసుగు సర్దుకుని నాకు దండం పెట్టింది. వంతెన ఒక్కో స్తంభం లేచే కొద్దీ నాకు సంతోషంగా ఉండాలి. కానీ అది పూర్తయితే వీళ్ళు వెళ్ళిపోతారన్న దిగులే ఎక్కువగా ఉండేది. పైన శ్లాబు పోసిన కొన్నాళ్ళకు డేరాలు విప్పేసి, మిగిలిన గోధుమపిండి నాకే ఇచ్చి వెళ్ళిపోయారు.

వంతెన తెరిచిన రోజు నాయకులు వచ్చారు, పూలదండలు, మైకు. పాత బండల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను షెడ్డులోనే ఉన్నాను. సాయంత్రం మనుషులు తగ్గాక ఒక్కదాన్నే దాని మీద ఆ చివరి దాకా నడిచాను. రెండు వైపులా గట్టి కమ్మీలు. కింద ఏమీ కదలదు. మనసుకు హాయిగానే అనిపించింది. తిరిగి వస్తుంటే వెనక నుంచి మోటారు సైకిలు హారన్ కొట్టింది. పక్కకు తప్పుకున్నాను.

నడవడానికే కట్టినా బండ్లు పట్టేంత వెడల్పు పెట్టారు. దాంతో ఎవరూ నడవడం లేదు. పల్లెలో బండి ఎక్కితే నేరుగా టౌన్లో దిగుతున్నారు. పిండి ప్యాకెట్లు అక్కడే దొరుకుతాయి. నా షెడ్డు ముందు నుంచే పోతారు, తెలిసినవాళ్ళు చెయ్యెత్తుతారు. నాతో మాట్లాడనివాళ్ళు కూడా ఇప్పుడు మాట్లాడుతున్నారు గానీ, బండి ఆపి మాట్లాడేంత తీరిక ఎవరికీ లేదు.

మిరపకాయలు ఎండిన రోజుల్లో అక్కను కోడలు స్కూటీ మీద ఎక్కించుకు వచ్చింది. ముందర కాయల సంచి, వెనక అత్త. ఒక కంటికి ఆపరేషన్ చేయించారట, అక్క నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. సంచి దించుకుని మర వేశాను. కారం ఘాటుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, ఆమె నా పక్కన స్టూలు మీద కూర్చుంది. చేతులతో ఏవేవో చెప్పింది. సగం నాకు అర్థం కాలేదు. మధ్యలో ఇంత కాలం గడిచింది కదా, కొన్ని సైగలు ఆమె ఇంట్లోవాళ్ళ కోసం మార్చుకున్నట్టుంది. అర్థమైనట్టే తలూపాను.

కోడలు మొదట బండి దిగలేదు. తర్వాత దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆరోజు నువ్వు చెప్పింది కరెక్టే పిన్నీ," అంది. "అయితే అప్పుడు మాకు చానా ఇబ్బందైంది."

"తెలుసమ్మా," అన్నాను.

"అత్తను రోజూ తేవాలంటే నాకు కుదరదు. ఆమె నడవలేదు."

"తెలుసమ్మా."

కారం డబ్బాలోకి ఎత్తి మూత పెట్టాను. అక్క ఇంకాసేపు ఉంటానన్నట్టు స్టూలు మీద చెయ్యి వేసి నొక్కింది. కోడలు బడి వదిలే వేళయిందని సైగ చేసింది. అక్క లేచింది. డబ్బా రెండు చేతులా ఒళ్ళో పట్టుకుని స్కూటీ ఎక్కింది. చేతులు ఖాళీ లేక నాకు సైగ చేయలేదు, తల తిప్పి చూసింది. వంతెన దాటి అవతలి మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వచ్చాను.

మర మీదా, కిటికీ అంచు మీదా పడిన కారం గుడ్డతో తుడుస్తుంటే తుమ్ములు వచ్చాయి. తుమ్మినప్పుడు మావాళ్ళు అనేదే, అల్‌హమ్దులిల్లా అనుకున్నాను. మా ఆయన ఉంటే, అల్లా నీ మీద దయ చూపాలి అని బదులు చెప్పేవాడు. విన్నవాళ్ళు చెప్పాల్సిన మాట అది. ఇంకో తుమ్ము వచ్చింది. గుడ్డ దులిపి, మరకు బెల్టు తీసి కొక్కేనికి తగిలించాను.