శివమ్మ పళ్ళ మీద సున్నపు చుక్కలు

జహీరాబాద్ బస్టాండులో బొంబాయి బస్సు ఆగిందంటే, డ్రైవరు దిగేలోపే శివమ్మ గంప కిటికీ కిందికి చేరేది. కోహీర్ జామకాయలు. మొగుడు పోయిన నాటి నుంచి ఆ గంపే ఆమెకు తిండి పెడుతోంది. కాయకన్నా ముందు నోరే అమ్ముడుపోయేది. "నా కాయ తిన్నోడు, ఇంకోటి కొనకపోతినే అని బొంబాయి దాక ఏడుస్తనే పోతడు" అని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వితే జనం బేరమాడటమే మరిచిపోయేవారు.

ఆ పళ్ళే ఆమె కొంప ముంచాయి. ముందుపళ్ళ మీద సున్నం చిందినట్టు తెల్లటి మచ్చలు. ఆమె పుట్టింది రాయికోడ్ పక్క పల్లెలో. పాలపళ్ళు ఊడి కొత్తవి మొలిచినప్పుడే మచ్చలతో మొలిచాయి. గంగమ్మ నోరు విప్పేదాకా వాటినెవరూ పట్టించుకోలేదు. గంగమ్మదీ అదే పల్లె, అదే బస్టాండు, అదే జామకాయ. 1987 చలికాలంలో కాయ విరగకాసి గిరాకీ పడిపోగానే ఆమె ఒక మాట వదిలింది.

"శివక్క నోరు జూసిన్రా? దినాం ఆ గంపల కాయలే తింటది. గందుకే పండ్లు గట్లయినయ్."

అంతే, ఊరంతా గుప్పుమంది. జామగింజల్లో సున్నం ఉంటుంది, అది పళ్ళకు పడుతుంది అని ఎవడో శాస్త్రం కూడా చెప్పాడు. చిరాగ్‌పల్లి బడిపంతులు సైతం "ఏమనుకోకమ్మా, పిల్లలున్న ఇల్లు" అంటూ గంగమ్మ గంప వైపు నడిచాడు. ఇద్దరూ ఒకే తోట కాయ తెస్తారన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. శివమ్మ నవ్వకుండా అమ్మి చూసింది. నవ్వని శివమ్మ దగ్గర ఈగ కూడా వాలలేదు.

చివరికి మందుల దుకాణం మీది గదిలో కూర్చునే పళ్ళ డాక్టరు మదన్‌మోహన్ దగ్గరికి పోయింది.

"అన్నీ పీకెయ్ సారూ. పీడ పోతది."

"పీకేదేం లేదమ్మా, పైపొర మీది మచ్చలే. చిన్నప్పుడు చిగుళ్ళ లోపల పళ్ళు తయారయ్యేటప్పుడు తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఇట్లయితది. కొంచెం తేజాబు, అదే యాసిడ్‌లో నురుగురాయి పొడి కలిపి పైపైన రుద్దుతా. సూది లేదు, కోత లేదు."

"తేజాబా!" శివమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "పాయఖానా కడిగేదా?"

"దాంట్లో నీళ్ళు బాగా కలిపి పలుచన చేసింది. చిగుళ్ళకు తగలకుండా రబ్బరు కప్పుతా."

ఆయన రుద్దాడు, కడిగాడు, మళ్ళీ రుద్దాడు. అద్దం ఇస్తే, మచ్చలు మునుపటికన్నా తెల్లగా కనబడ్డాయి!

"నీ చేతులిరుగ! ఇదేం సారూ?"

"నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఎండి మచ్చలు ఎక్కువ కనబడతయి. నోరు మూసుకుంటే తడెక్కి సర్దుకుంటయి."

శివమ్మను నోరు మూసుకోమని చెప్పి బతికి బట్టకట్టినవాడు అంతవరకు లేడు. అయినా మూసుకుంది. మూసుకునే ముందు మాత్రం ఒకటి అడిగింది: "మా బాయి నీళ్ళు తాగినోళ్ళకందరికీ ఇట్లనేనా?"

"దాదాపు అందరికీ."

మెట్లు దిగుతుంటే ఆమెకు గంగమ్మ పళ్ళు గుర్తొచ్చాయి. రోజూ మాడ్చిన పొగాకు పొడి రుద్ది నల్లగా చేసుకుంటుంది. అది అలవాటు కాదు, పరదా అన్నమాట! ఒళ్ళు మండింది, వెంటనే నవ్వూ వచ్చింది.

మర్నాటికి మచ్చలు వెతికితే తప్ప కనబడలేదు. "నా కాయ తిన్న, నా మచ్చలు పోయినయ్, సూడున్రి!" అని శివమ్మ బస్సు కిటికీలన్నిటికీ నవ్వు చూపించింది. నిన్న అది నమ్మిన జనమే నేడు ఇదీ నమ్మారు. గంప మధ్యాహ్నానికే ఖాళీ. గంగమ్మ కాయలు అలాగే ఉన్నాయి.

బస్సుల సందడి తగ్గాక గంగమ్మ మూతికి కొంగు అడ్డం పెట్టుకుని పక్కన కూర్చుంది.

"శివక్కా... నిన్న నువ్వు పండ్ల డాక్టరు మెట్లు దిగంగ జూసిన. నొప్పి లేస్తదా?"

"ఎవలికే?"

గంగమ్మ కొంగు తీసింది. పొగాకు రుద్దలేదు. అవే మచ్చలు, ఇంకా ఎక్కువ. కడుపులో ఉన్న కోపమంతా ఎటు పోయిందో శివమ్మకే తెలియలేదు. జాలేసింది. అయినా ఊరికే వదల్లేదు.

"ఇవి మన బాయి నీళ్ళ మచ్చలని డాక్టరు చెప్పిండు. మొదలు ఆ వచ్చే బస్సుకు నిజం జెప్పు."

కిటికీల ముందు నిలబడి గంగమ్మ గొంతు పెంచింది. "ఇద్దరివీ ఒక్క తోట కాయలే. మచ్చలు మా ఊరి బాయి నీళ్ళతోని వచ్చినయ్. నాగ్గూడ ఉన్నయ్!" తిరిగొచ్చి గొణిగింది. "మరి నీ కాయ తింటే పోయినయన్నవ్. అది గూడ అబద్ధమే గదా అక్కా?"

"అబద్ధమే. నాది నాలుగు కాయలు అమ్మింది. నీది నా నోటికాడి బువ్వ గుంజింది."

గంగమ్మ కళ్ళు తుడుచుకుంది. "నడువ్, డాక్టరు బువ్వకు లేస్తడు" అని శివమ్మ ఆమె గంప కూడా తన నెత్తికే ఎత్తుకుంది.