నాయన పాదం మీద కొట్టుకునే చోటు

గద్వాలలో మా చిన్నప్పుడు... పొద్దు గూకి నాయన మగ్గం గుంతలోంచి పైకి రాగానే ఆయన కాళ్లు పిసకడం నా వంతు. గుంత మగ్గం తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. నేతమనిషి నేల మీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పొద్దంతా తొక్కిన కాళ్లు సాయంత్రానికి ఒకటే గుంజేవి.

ఆ పిసుకుడులో నాకొక ఆట దొరికింది... పాదం మీద, బొటనవేలికీ పక్కవేలికీ నడుమ నుంచి కాస్త పైకి వస్తే, చర్మం కింద టుక్ టుక్ మని కొట్టుకునేది. వేలికి అది తగిలితే నేను గెలిచినట్టు. నాయన కావాలనే పాదం అటూ ఇటూ తిప్పి ఏడిపించేవాడు. దొరికాక నా సంబరం చూడాలి, దొంగను పట్టినంత సంబరం!

ఒకనాడు ఎడమ పాదం మీద దొరకలేదు.

"నాయినా, నీ కాలు కొట్టుకుంటలేదు."

"నీకు పట్టరాక గట్లంటున్నవ్. సక్కగ సూడు."

చక్కగానే చూశాను... లేదు. పైగా ఆ పాదం కుండ అడుగులా చల్లగా ఉంది.

అప్పటికే నాయన బజారు దాకా నడిస్తే పిక్క పట్టేసి దారిలో నిలబడిపోతున్నాడు. పడుకుంటే వేళ్లు మండేవి. కాలు మంచం మీంచి కిందికి వేలాడేస్తే తగ్గేది. మగ్గం గుంతలో కూర్చుంటే అసలు నొప్పే తెలిసేది కాదట. ఇంకేముంది... మగ్గమే మందని ఇంటిల్లిపాదీ నమ్మేశాం. నేతవాళ్లం, మా బుర్రలకు ఇంకేం తడుతుంది! నాయన అక్కడే అన్నం తిన్నాడు, అక్కడే గోడకు ఒరిగి కునుకు తీశాడు. చీరలు ఎన్నడూ లేనంత తొందరగా దిగాయి. అమ్మ రోజూ మగ్గానికి దండం పెట్టేది. నాయన నోట్లో చుట్ట మాత్రం ఆరేది కాదు.

చిటికెనవేలు నల్లబడ్డాక అమ్మకు భయం పట్టుకుంది. కోట పక్క గల్లీలో ఉండే యునానీ వైద్యుడు హకీం సాబును పిలిపించింది. నాకు నోరు ఆగదు కదా, ఆయన కూర్చోకముందే "పాదం మీద కొట్టుకుంటలేదు సాబ్" అనేశాను.

ఆయన నవ్వలేదు. నా వేలు పట్టుకుని నా మెడ పక్కన పెట్టించాడు. "గిది తలకాయకు నెత్తురు తీస్కపోతది బేటీ." మణికట్టు మీద పెట్టించాడు. "గిది చేతి వేళ్లకు." తర్వాత నాయన బొడ్డు దగ్గర తన అరచెయ్యి ఆనించి నొక్కాడు. "గుండె నుంచి పెద్ద నరం గిట్ల దిగొస్తది. కడుపులున్న అన్నింటికి నెత్తురు ఇచ్చుకుంట వచ్చి, గీడ రెండుగ చీలి రెండు కాళ్లకు పోతది." మేమప్పుడు అన్నింటినీ నరాలనే అనేవాళ్లం.

ఎడమ కాలు వెంట ఆయన వేళ్లు దిగుతుంటే మేం వంగి చూశాం. గజ్జల్లో ఉంది. మోకాలి వెనక గుంటలో ఉంది, కానీ సన్నగా. చీలమండ వెనక లేదు... పాదం మీద లేదు.

"మగ్గంల కూసుంటె నొప్పి ఉంటలేదు గద సాబ్?" అన్నాడు నాయన.

"కాలు కిందికుంటే నెత్తురు జర జారుతది, గంతే. గది మందు గాదు. నెత్తురు పోయే తొవ్వనే మూసుకపోతున్నది. చుట్ట బంద్ చెయ్యి. పట్నం దవాఖానకు పో."

"తొవ్వ తెరిచే మందు లేదా అయ్యా?" అని అమ్మ అడిగింది.

"నా తాన లేదమ్మా... ఎవరి తాననన్న ఉన్నదో లేదో తెల్వదు."

నాయన ఆ రోజే చుట్ట పారేశాడు. పట్నం అంటే మాత్రం కాలు కోస్తారని వాయిదా వేస్తూ వచ్చాడు. నేను రోజూ వెతుకుతూనే ఉన్నాను. కొన్నాళ్లకు మోకాలి వెనకది కూడా నా వేలికి అందలేదు. ఎంత నొక్కినా ఏం దొరుకుతుంది... అంత చిన్నదాన్ని, నాకు చేతనైంది అదొక్కటే.

చివరికి రైల్లో పట్నం తీసుకెళ్లారు. మోకాలి పైదాకా తీసేశారు.

నేను చెబుతుంటే ఇది టైపు చేస్తున్న మా మనవరాలు మెడిసిన్ చదువుతోంది. మొన్న పుస్తకంలో ఎర్ర గొట్టాల బొమ్మ చూపించి, వాటిని ధమనులనాలి అవ్వా అంది. మెడలోది కెరోటిడ్, పొట్టలోని పెద్దది అయోర్టా, తొడలోది ఫెమోరల్, మోకాలి వెనకది పోప్లిటియల్... నా ఆట దొరికిన చోటుకు కూడా ఏదో నోరు తిరగని పేరుంది. ఇప్పుడు మూసుకున్న దారిలోకి సన్నని తీగ పంపి చాలామందికి తెరుస్తారట. విని సంతోషించాలి కదా... నాకు మాత్రం కోపమొచ్చింది. ఎవరి మీదో నాకే తెలియదు.

అప్పట్లో నాయన పట్నం నుంచి తిరిగొచ్చిన సాయంత్రం అలవాటు కొద్దీ మంచం దగ్గర కూర్చుని, ఉన్న కాలు పిసకడం మొదలుపెట్టాను. ఆయన కళ్లు మూసుకునే ఉన్నాడు.

"గీ కాలు గాదు బిడ్డా... ఆ కాలు పిసుకు. చిటికెనేలు మండుతున్నది."

అమ్మ వైపు చూశాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని బయటికి వెళ్లిపోయింది. తీసేసిన కాలు కూడా ఉన్నట్టే నొస్తుందని మాకెవరూ చెప్పలేదు, నాయనకు మతి చెడిందనుకున్నాం. ఏం చెయ్యాలో తెలియక దుప్పటి చదునుగా ఉన్న చోట చేతులు పెట్టి పిసికాను.

"ఇంక జర కిందికి," అన్నాడు నాయన.

ఇప్పుడు నా కాళ్ల కోసం పిల్లలు మెషిన్ కొనిచ్చారు. మీట నొక్కితే బాగానే పిసుకుతుంది, పాపం. దానికి కబుర్లు రావు... మీ చిన్నప్పుడు మీరు ఎవరి కాళ్లు పిసికేవాళ్లు? రాయండి, మనవరాలు చదివి వినిపిస్తానంది.