చిన్నాన్న ఒప్పుకోబోయిన దెబ్బ

నా చిన్నప్పుడు, వజ్రపుకొత్తూరు వైపు మా ఊరి ఒడ్డున జరిగిన కొట్లాటలో మా నాన్న ఒక మనిషి కాలు విరగ్గొట్టాడు. ఆ నేరాన్ని మా చిన్నాన్న తన మీద వేసుకున్నాడు.

ఆ ఉదయం మా వల పక్క పడవ వాళ్ల వలతో చిక్కుపడింది. విడదీసుకునే ఓపిక ఎవరికీ లేకపోయింది. అవతలి మనిషి కత్తి విసిరేసరికి చిన్నాన్న చెవి సగం తెగి వేలాడింది. మా నాన్న వెనకనుంచి వచ్చి తెడ్డుతో అతని వీపు మీద కొట్టాడు. అతను ఇసుకలో బోర్లా పడ్డాడు. అక్కడితో ఆగి ఉంటే తమ్ముణ్ణి కాపాడుకున్నట్టే ఉండేది. నాన్న ఆగలేదు. మళ్లీ తెడ్డెత్తి, పడిపోయినవాడి మోకాలి కింద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు గంప పట్టుకుని నిలబడ్డ నాకూ, మా నాన్నమ్మకీ వినిపించింది.

పోలీసులు వచ్చేసరికి ఒళ్లంతా నెత్తురుతో ఉన్న చిన్నాన్న, తనే కొట్టానన్నాడు. దెబ్బ తిన్న మనిషి తన వెనక ఎవరున్నారో చూడలేదు. ఆ తోపులాటలో అతని పడవవాళ్లూ తెడ్డు ఎవరిదో చెప్పలేకపోయారు. చిన్నాన్నకి పెళ్లి కాలేదు. నాన్నకి మేం పిల్లలం ఉన్నాం. నాన్న నోరు విప్పలేదు.

చిన్నాన్న బెయిలు మీద ఇంటికొచ్చాక, అప్పుడే కొత్తగా ఒక చట్టం వచ్చిందని టెక్కలిలో వకీలు చెప్పాడు. రెండు వైపులవాళ్లూ కూర్చుని మాట్లాడుకుని, నేరం ఒప్పుకుని, గాయపడినవాడి వైద్యం చూసుకుంటే శిక్ష బాగా తగ్గుతుందట. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. నాన్నమ్మ మాత్రం, "ఒప్పేసుకున్నాక, కొట్టినోడు ఈడు కాదని తేలితే ఏటవుద్ది బాబూ?" అని అడిగింది. అలా కుదుర్చుకున్న తీర్పు మీద అప్పీలు ఉండదని, మోసమో బలవంతమో జరిగిందంటూ హైకోర్టు దాకా వెళ్లాలే తప్ప మామూలు దారి మూసుకుపోతుందని ఆయన చెప్పాడు.

ఇంటికొచ్చి అన్నాలు తింటున్నప్పుడు నాన్నమ్మ ఆ మాటే మళ్లీ ఎత్తింది. నాన్న కంచం తన్నేశాడు. నిన్నెవరు ఒప్పుకోమన్నారంటూ చిన్నాన్న పీక పట్టుకుని గోడకేసి కొట్టాడు. మానుతున్న గాయం పగిలి, నెత్తురు మెడ మీదుగా కారింది. మా అమ్మ అడ్డుపడబోతే నాన్నమ్మ చెయ్యి పట్టి ఆపింది. కూర్చున్నచోటునుంచి లేవకుండానే మెల్లగా అంది.

"ఇదీ నువ్వే కొట్టినావు. ఇది కూడా ఆడి పేరునే రాయించీమంటావేటి?"

నాన్న చిన్నాన్న పీక వదిలేశాడు. మర్నాడు స్టేషన్‌కి వెళ్లి జరిగింది చెప్పాడు. నేరం ఒప్పుకుంటానని చిన్నాన్న పేరున అప్పటికే దరఖాస్తు పెట్టి ఉండటంతో, వాయిదా రోజున జడ్జిగారు అందర్నీ బయటికి పంపి, ఇష్టపడే ఒప్పుకుంటున్నావా అని చిన్నాన్నని ఒంటరిగా అడిగారట. కాదని, కొట్టింది తను కాదని చెప్పి, ఏడుస్తూ బయటికొచ్చాడు.

కేసు నాన్న మీదికి మారింది. చంకలో కర్రలతో వచ్చిన ఆ మనిషికి ఎదురుగా కూర్చుని, అదే చట్టం కింద నాన్న ఒప్పుకున్నాడు. శిక్ష మేం అనుకున్నదానికన్నా ఎక్కువే పడింది. ఏదో ఒక కోర్టుకి వెళ్దామని చిన్నాన్న బతిమాలాడు. పోలీసు వ్యాను ఎక్కబోతూ నాన్న, "ఎనక్కెల్లే దారి లేదని తెలిసే ఒప్పుకున్నాన్రా. కొట్టింది నేనే కదా," అన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా తొందరపడి నేనే చేశానంటే వాళ్లను వెంటనే మెచ్చుకోలేను. పక్కన మాట్లాడకుండా నిలబడ్డ మనిషి ముఖం వైపు చూస్తాను.